రిజిస్టరులో లేని చెయ్యి

నోటితో అబద్ధాలు ఎన్ని ఆడానో నాకే తెలియదు. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా బతికినవాడు, అందులో చివరి పదేళ్ళు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నవాడు, తనిఖీకి వచ్చిన ప్రతి అధికారికీ 'అంతా బాగుంది సార్' అనకుండా ఎట్లా నెట్టుకొస్తాడు? వాటికి నేను సిగ్గుపడను. కానీ నీలి సిరాతో, అందరూ మెచ్చుకునే నా గుండ్రటి చేతిరాతతో, కింద బడి ముద్ర కూడా వేసి రాసిన పదం ఒకటుంది. అది గుర్తొస్తే, ప్రొద్దుటూరులో మా ఇంటి వరండాలో ఒక్కణ్ణే పేపరు చదువుకుంటున్నా సరే, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నేను చివరగా పనిచేసిన హైస్కూలు జమ్మలమడుగు దాటాక, నల్లరేగడి పొలాల మధ్య ఉన్న ఒక పల్లెలో ఉంది. రోజూ ప్రొద్దుటూరు నుంచి రెండు బస్సులు మారి వెళ్ళేవాణ్ణి. హెడ్మాస్టరునే అయినా సాంఘికశాస్త్రం చెప్పేవాళ్ళు లేక తొమ్మిది, పది తరగతులకు నేనే చెప్పేవాణ్ణి. పౌరశాస్త్రం పాఠాలంటే నాకు మహా ఇష్టం. సమానత్వం, స్వేచ్ఛ, ఓటు హక్కు అంటూ గొంతు పెంచి చెబుతుంటే పక్క తరగతిలో లెక్కల మాస్టరు తలుపేసుకునేవాడు.

ప్రతి సర్కారు బడికీ తల్లిదండ్రుల కమిటీ ఒకటి ఉంటుంది. రెండేళ్ళకోసారి పిల్లల తల్లులూ తండ్రులూ కూడి ఛైర్మన్ను ఎన్నుకోవాలి. బడిలో కిటికీ రెక్క బాగుచేయించాలన్నా, కొళాయి పెట్టించాలన్నా ఆ ఛైర్మన్ సంతకం కావాలి. మా బడికి ఛైర్మన్ ఒక ట్రాక్టరు డ్రైవరు. పాపం అతను మంచివాడే, నోట్లో నాలుక లేని మనిషి. అతను నడిపే ట్రాక్టరు ఊరి పెద్దాయనది. ఊళ్ళో సగం శనగ చేలు కూడా ఆ పెద్దాయనవే. ఆయన మనవళ్ళు ప్రొద్దుటూరులో కాన్వెంటులో చదివేవాళ్ళు, కాబట్టి మా కమిటీలో ఆయనకు చోటు లేదు. అయినా ప్రతి మీటింగుకూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఛైర్మన్ నిలబడేవాడు. ఇది తప్పని నాకు తెలియక కాదు. శనగ కాయలు పట్టే రోజుల్లో పెద్దాయన స్టాఫ్‌రూముకు పచ్చిశనగ మోపులు పంపేవాడు, 'అయివారూ' అని నోరారా పిలిచేవాడు. అట్లాంటి మనిషిని లేచి వెళ్ళమని ఎవరంటారు?

అసలు తంటా బడి బోరుతో వచ్చింది. బోరు బడి ఆవరణలోనే ఉంది. దానికి వేసిన పైపు మాత్రం గోడ దాటి పెద్దాయన పశువుల తొట్టిలోకి పోతుంది. ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టి రెండేళ్ళయింది. వాటికి నీళ్ళ కనెక్షను ఇస్తే తొట్టికి నీళ్ళు చాలవు. అందుకని మరుగుదొడ్లకు తాళం. పిల్లలు మధ్యాహ్నం అన్నం తిని ఇళ్ళకు పరిగెత్తేవాళ్ళు, పెద్దపిల్లలు నెలలో కొన్ని రోజులు బడికే వచ్చేవాళ్ళు కాదు. పైపు మార్చడానికి ఛైర్మన్ సంతకం కావాలి. అడిగితే 'పెద్దాయన్ను అడిగి చెప్తా సార్' అనేవాడు. నేను మళ్ళీ అడిగేవాణ్ణి కాను.

ఆ ఏడు కమిటీ ఎన్నిక రోజు వరండాలో జంపఖానాలు పరిపించాను. తల్లులు ఒక పక్క, తండ్రులు ఒక పక్క కూర్చున్నారు. మా వైపు ఒక పద్ధతుంది. మీటింగులో ముందు సంతకాలు తీసుకుంటాం, తర్వాత తీర్మానం రాస్తాం. పేజీలో పై సగం ఖాళీ వదిలి, కింద వచ్చినవాళ్ళు వచ్చినట్టు సంతకాలు పెడతారు. మీటింగు కాగానే ఎవరి పనికి వాళ్ళు పోతారు కదా, మళ్ళీ ఎవరి వెంట పడతాం? పై సగంలో ఏం రాస్తామన్నది మా చేతిలో పని. పులివెందులలో తాలూకా ఆఫీసు గుమస్తాగా పనిచేసిన మా నాయన దగ్గర్నుంచీ ఇదే చూశాను, ఇందులో మోసం ఉందని నాకెప్పుడూ తోచలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఊళ్ళు రెండుగా చీలి, ఒక వీధివాళ్ళు ఇంకో వీధిలోకి పోలేని రోజులు మేం చూశాం. అందుకే గొడవ లేకుండా జరిగిన పని ఏదైనా మంచి పనేనని మాకో నమ్మకం. ఏకగ్రీవం అన్న మాట వింటే మా పెద్దవాళ్ళకు ప్రాణం హాయిగా ఉండేది. అందరూ తలలూపారంటే ఆ రోజు ఎవరి తలా పగల్లేదని అర్థం. నాకూ ఆ మాట ఇష్టమే. ఎవరు ఎందుకు తలూపారని మాత్రం ఆలోచించలేదు.

నేను డ్రైవరు పేరు చెప్పి, 'ఈయన్నే మళ్ళీ ఉంచుదామా, చేతులెత్తండి' అనబోతుండగా తల్లుల వైపు నుంచి ఒకామె లేచి నిలబడింది. ఊళ్ళో రవికలు కుట్టే ఆమె. భర్త ఎర్రగుంట్ల దగ్గర బండల ఫ్యాక్టరీలో పనికి పోతాడు. పెద్దపిల్ల మా బడిలో తొమ్మిదో తరగతి.

"సార్, ఒక మాట. నా పేరు గూడా రాసుకోండి, నేను గూడా నిలబడతాండా. ఇంకోటి, చేతులెత్తేది వద్దు సార్. చీటీలు పెట్టండి."

అందరూ నా పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన వైపు చూశారు. నేనే తేరుకుని, "చీటీలెందుకమ్మా?" అన్నాను.

"ఎవురు ఎవురికేసిండేది తెలియకుండా రాసి డబ్బాలో ఏసేది ఉంటాదంట గదా సార్. మా పాప చెప్పింది. మీరే పాఠం చెప్పినారంట."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. కోపం లేదు, ముద్దుచేస్తున్నట్టే నవ్వాడు.

"పాఠం పాఠమే, ఊరు ఊరే గదమ్మా," అని నా వైపు తిరిగాడు. "ఏం అయివారూ, చీటీలు పెట్టేంత పెద్ద ఎలక్షనా ఇది?"

నిబంధనల కాగితం నా ఫైల్లోనే ఉంది. చేతులెత్తి గానీ చీటీలతో గానీ ఎన్నుకోవచ్చని, అడిగితే చీటీలే పెట్టాలని అందులో స్పష్టంగా ఉంది. నా బల్ల సొరుగులో తెల్లకాగితాలు దిండులా ఉన్నాయి. చించి పంచడానికి పది నిమిషాలు చాలు. నేను గడియారం వైపు చూసి, "టైము లేదమ్మా, పిల్లలకు అన్నం గంట కొట్టాల," అన్నాను. అన్నం గంటకు ఇంకా గంటన్నర ఉంది. వరండాలో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు.

డ్రైవరుకు చేతులెత్తమన్నాను. జంపఖానా మీద చేతులన్నీ లేచాయి. పెద్దాయన కుర్చీలో కాలు మీద కాలేసుకుని, ఒక్కొక్క వరసనే తీరిగ్గా చూస్తున్నాడు. లెక్కపెట్టే పని నాకు లేకుండా ఆయనే చూసుకున్నాడు. ఆమెకు చేతులెత్తమంటే ఎవరెత్తుతారు, అందుకని ఆ ప్రశ్నే అడగలేదు. "ఎవరికన్నా అభ్యంతరమా?" అని మాటవరసకు అంటూ రిజిస్టరు మూసేస్తున్నాను.

ఒక చెయ్యి లేచింది.

సూది గుచ్చుకోకుండా బొటనవేలికి పాతగుడ్డ పేలిక చుట్టుకుని ఉంది. మిషను మీద నుంచి నేరుగా లేచి వచ్చినట్టుంది. పక్కనున్న తోడికోడలు కొంగు పట్టి లాగుతోంది. ఆమె చెయ్యి దించలేదు, నా మొహంలోకే చూస్తోంది. నేను చూశానని ఖాయం చేసుకునేదాకా దించేటట్టు లేదు. "సరేమ్మా, దించు," అన్నాను. దించింది. చప్పట్లు కొట్టారు, లేచి వెళ్ళిపోయారు.

అందరూ పోయాక రిజిస్టరు ముందు పెట్టుకుని కలం తీశాను. 'ఛైర్మన్‌గా వీరిని' అని రాశాక కలం ఆగింది. ఆ చెయ్యి గుర్తు రాలేదని చెప్పి తప్పించుకోవచ్చు, కానీ గుర్తొచ్చింది. ఒకరు వ్యతిరేకించారని రాస్తే మండలాఫీసులో ఎవరు, ఎందుకు అని అడుగుతారు. మరుగుదొడ్ల సంగతి బయటికొస్తుంది. బోరు సంగతి వస్తుంది. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. 'ఏకగ్రీవంగా ఎన్నుకోవడమైనది' అని రాసి, సిరా ఆరేదాకా ఊది, ముద్ర వేశాను. వాక్యం చూడటానికి ముచ్చటగా ఉందనుకున్నానని కూడా ఒప్పుకోవాలి.

మర్నాడు పొద్దున ప్రార్థన అయిపోయి నేను గదిలోకి వచ్చేసరికి ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"సార్, నిన్న రాసిండేది ఒకసారి చూడొచ్చా?"

చూపించకుండా ఉండటానికి సాకు దొరకలేదు. రిజిస్టరు తెరిచి ఆమె వైపు తిప్పాను. ఏడో తరగతిదాకా చదివిందట, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆ పదం దగ్గర ఆగింది.

"ఏకగ్రీవంగా అంటే ఏంది సార్?"

ఎన్నోసార్లు పిల్లలకు అర్థం చెప్పిన మాట. "అందరూ ఒప్పుకున్నారని," అన్నాను.

"అందరంటే నేను గూడానా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"నేను చెయ్యెత్తినా గదా సార్. మీరు చూసినారు గూడా. నా చెయ్యి యాడ రాసినారు?"

"అట్లా రాయడానికి దీంట్లో ప్రత్యేకంగా చోటుండదమ్మా."

"కింద నా సంతకం ఉండాది. రేపు ఎవురన్నా చూస్తే నేను గూడా ఒప్పుకునే సంతకం పెట్టినాననుకుంటారు గదా. నన్ను గెలిపీమని నేను అడగల్యా సార్. ఓడిపోయినానని రాయండి, చాలు. అది గూడా కాదంటే నా సంతకం కొట్టేయండి."

ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు చచ్చిపోతుంది. ఎంత చిన్న కోరిక అది. 'ఒకరు వ్యతిరేకించారు' అని రెండు మాటలు రాసి పక్కన పొట్టి సంతకం పెడితే అయిపోయేది. ఆకాశం ఊడిపడేది కాదు. ముప్పై ఏళ్ళుగా నల్లబల్ల మీద నేను రాసిందంతా ఆ రెండు మాటల కోసమే కదా. నేను చేసిందేమిటంటే కోప్పడటం. తప్పు చేసినవాడికి వచ్చే కోపం ఉంది చూశారా, దానికి సిగ్గూ ఎగ్గూ ఉండవు.

"రిజిస్టరులో కొట్టివేతలు చేస్తే నా ఉద్యోగం పోతాది, తెలుసా నీకు? ఇంతమంది ఒక మాట మీద ఉంటే నీ ఒక్క చెయ్యితో ఏమైతాది?"

ఆమె రిజిస్టరును మెల్లగా నా వైపు తిప్పింది.

"ఏమీ కాదని నాకూ తెల్సు సార్. అయినా ఎత్తినా గదా," అంది. అని వెళ్ళిపోయింది. నేను గంట కొట్టించి తరగతికి వెళ్ళాను. ఆ రోజు ఏం పాఠం చెప్పానో గుర్తు లేదు.

ఆ వారంలోనే తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టు పేపర్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. కట్ట విప్పి చూస్తుంటే ఆమె కూతురు పేపరు కనబడింది. రహస్య ఓటు ఎందుకు అవసరమని ప్రశ్న ఇచ్చాను. బలం లేనివాళ్ళు కూడా భయపడకుండా తమ ఇష్టం చెప్పుకోవడానికి అని రాసింది ఆ పిల్ల. అంతకుముందే నేను ఎర్రసిరాతో టిక్కు పెట్టి, నాలుగుకు నాలుగు మార్కులూ వేసి, పక్కన 'చాలా బాగుంది' అని రాసి ఉన్నాను. పేపర్లు పంచే పని క్లాసు లీడరుకు అప్పజెప్పాను. ఆ పిల్ల చేతికి నా చేత్తో ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

తర్వాత ఏమైందంటే, పైకి చూడటానికి ఏమీ కాలేదు. పెద్దాయన ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. ఊళ్ళో వాళ్ళే రవికలు జమ్మలమడుగులో కుట్టించుకోవడం మొదలుపెట్టారు. ఆమె దగ్గర ఇయ్యొద్దని ఎవరూ చెప్పి ఉండరు, అట్లాంటివి చెప్పక్కర్లేదు. ఆమె కూతురు పదో తరగతికి వచ్చాక నెలలో నాలుగు రోజులు, తర్వాత వారం, తర్వాత రెండు వారాలు రాలేదు. దసరా సెలవులయ్యాక అసలే రాలేదు. హాజరుపట్టీలో ఆ పేరు పక్కన గీత కొట్టింది కూడా నేనే. ఇల్లు బడికి రెండు వీధుల అవతల. ఒక్కసారి కూడా పోయి అడగలేదు. పోతే ఆమె ఎదురొస్తుందని భయం.

మా అక్క పులివెందులలోనే ఉంటుంది. ఒకసారి వెళ్ళినప్పుడు కడుపులో పెట్టుకోలేక ఆమెకు చెప్పాను. అక్క చేటలో బియ్యం ఏరుతూ అంతా విని, "నాయన గూడా ఇంతే గదరా. ఎవురితో మాట పడకుండా బతికినాడు, మంచోడనిపించుకున్నాడు. నువ్వు ఆయన కొడుకువే," అంది. మా నాయనతో పోలిక చెబితే ఎప్పుడూ పొంగిపోయేవాణ్ణి. ఆ రోజు అన్నం తినకుండానే బస్సెక్కాను.

రెండేళ్ళు గడిచి మళ్ళీ ఎన్నిక వచ్చింది. నాకు రిటైర్మెంటు ఇంకా కొన్ని నెలలే ఉంది. ఈసారి చీటీలే పెట్టాలని గట్టిగా అనుకున్నాను. ముందురోజు ఇంట్లో నేనూ మా ఆవిడా కూర్చుని తెల్లకాగితాలు చీటీలుగా కత్తిరించాం. స్వీట్ల అట్టపెట్టె మూతకు సన్నగా గాటు పెట్టి, చుట్టూ గోధుమరంగు టేపు అంటించాను. ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో పోతుంటే, నిజం చెప్పొద్దూ, నాకేదో పాపం కడిగేసుకోబోతున్నంత సంబరంగా ఉండింది. సంతకాలు కూడా తీర్మానం రాశాకే, అందరికీ చదివి వినిపించాకే తీసుకోవాలనుకున్నాను.

పైగా ఆ రోజు పెద్దాయన రాలేదు. మోకాళ్ళ నొప్పులకు చూపించుకోను కడపకు పోయాడట. నా పక్క కుర్చీ ఖాళీ. ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా అనుకున్నాను. పెట్టె బల్ల మీద పెట్టి, ఈసారి చీటీలని, ఎవరు ఎవరికేసిందీ నాకు కూడా తెలియదని, నిలబడదలచుకున్నవాళ్ళు పేర్లు చెప్పమని, పౌరశాస్త్రం పాఠంలాగే గొంతు పెంచి చెప్పాను.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఉండేటాయన ఉండనీ లే సార్, ఇప్పుడెందుకు ఇయ్యన్నీ," అన్నాడొక తండ్రి. ఎవరూ పేరు చెప్పలేదు. చీటీల కట్ట ముందు వరసకు ఇస్తే, వాళ్ళు దాన్ని తాకకుండా అట్లే నా వైపు నెట్టారు.

ఆమె వెనక వరసలో, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చిన్నపిల్ల మా బడిలోనే ఆరో తరగతిలో చేరింది. నాకు ఆగలేదు. అంతమంది ముందు ఆమెనే చూస్తూ, "ఏమ్మా, పోయిన తూరి చీటీలు కావాలన్నది నువ్వే గదా, చెప్పు," అనేశాను. తలలన్నీ వెనక్కి తిరిగాయి. అప్పుడుగానీ నాలుక కరుచుకోలేదు. రెండేళ్ళ క్రితం చేసింది చాలక, మళ్ళీ ఆమెనే అందరికీ వేలెత్తి చూపించాను.

"నేనేమీ అడగల్యా సార్," అంది, లేవకుండానే.

ఇంకేం చేయాలో తోచక డ్రైవరు పేరు చెప్పి చేతులెత్తమన్నాను. అన్ని చేతులూ లేచాయి. ఆమెదీ లేచింది. వేలికి గుడ్డ లేదు. అరచెయ్యి నిండా శనగమొక్కలు పెరికిన గీతలు, శనగాకు పులుపు తగిలి మండి ఎర్రబడిన చర్మం. అభ్యంతరం ఎవరికన్నా ఉందా అని అడిగాను. ఈసారి మాటవరసకు కాదు, కలం కింద పెట్టి, నిజంగా అడిగాను. ఎవరూ కదల్లేదు. నేను ఆమె వైపే చూశాను. ఆమె బయట ఎండ ఎంత ఎక్కిందో చూస్తోంది.

తీర్మానం రాయడానికి రిజిస్టరు తెరిచాను. ఇంకా తారీఖు కూడా రాయలేదు, ఆమె లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"రెండు నిమిషాలుండమ్మా. రాసి చదువుతాను, విన్నాక పెడుదువు," అన్నాను.

"మీరు నిదానంగా రాసుకోండి సార్. చేని కాడ పెద్దాయన మనుషులు చూస్తాంటారు, పనికి పోవాల. సంతకం యాడ పెట్టాల్నో చూపీండి."

నిలబడి ఎదురుచూస్తోంది. ఆమె వెనక ఇంకో నలుగురు లేచి వరసలో నిలబడ్డారు. నేను ఖాళీ పేజీ మీద, కింద, వేలు పెట్టి చూపించాను. అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.